చెదలు పట్టని నష్టం

1990ల చివర్లో ఒక తెలుగు పుస్తకం అచ్చుకు వెళ్ళిన దారి ఇది. రచయిత చేతిరాత ప్రతి డీటీపీ సెంటరుకు చేరుతుంది. ఆపరేటరు పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంటులోనో శ్రీలిపిలోనో కంపోజు చేస్తాడు. రెండు మూడు ప్రూఫులు దిద్దాక ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పంపుతారు. పుస్తకం అచ్చవుతుంది. కంపోజు చేసిన ఫైలు ఒక సీడీలోకెక్కి, బీరువా అడుగు అరలో ఉండిపోతుంది.

పాతికేళ్ళు గడిచాక ఆ రెండింటినీ ఎవరో తెచ్చి ఆర్కైవ్స్‌కు ఇచ్చారనుకుందాం. పుస్తకం అట్ట ఊడింది, కాగితం పసుపెక్కింది, అంచులు విరిగిపోతున్నాయి. అయినా తెలుగు వచ్చినవారెవరైనా తెరిచి చదవగలరు. సీడీ ఇంకా తళతళలాడుతూనే ఉంది, కానీ దాన్ని తిప్పే డ్రైవు కొత్త ల్యాప్‌టాపుల్లో లేదు. డ్రైవు సంపాదించినా పేజ్‌మేకర్ దొరకదు. తయారీ ఆగి చాలా ఏళ్ళయింది. ఎలాగో ఫైల్లోంచి పాఠాన్ని బయటికి లాగినా తెరమీద కనిపించేది తెలుగు కాదు. నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న రోమన్ అక్షరాలు, కరెన్సీ గుర్తులు, మధ్యమధ్య భిన్నాలు. చెద తినలేదు, తడి తగల్లేదు, ఒక్క బిట్టు కూడా చెడలేదు. అయినా పాఠం చేజారింది.

రికార్డు గదులను కాపాడే మనుషుల వృత్తిని గత నలభై ఏళ్ళలో తలకిందులు చేసింది ఈ రకం నష్టమే. పాత నష్టాలు కంటికి కనబడేవి. చెదపురుగు, బూజు, వాన, మంట, ఇంకులోని ఆమ్లం వీటన్నిటికీ విరుగుడు ఉంది, లేకపోతే కనీసం ముందుచూపు ఉంది. కొత్త నష్టం కనబడదు. వస్తువు భద్రంగా ఉండగానే దాని అర్థం వెళ్ళిపోతుంది.

అది ఎలా జరుగుతుందో మన భాషలోనే చూడవచ్చు. కంప్యూటరు అక్షరాన్ని దాచదు, అంకెను దాస్తుంది. ఏ అంకె ఏ అక్షరానిదో చెప్పే పట్టికను అందరూ ఒప్పుకుని వాడాలి. 65 అంటే ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ అని 1960ల నుంచీ ఒప్పందం ఉంది. తెలుగుకు అలాంటి ఒప్పందం చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. ఇస్కీ అనే పట్టికను భారత ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించింది గానీ డీటీపీ లోకం దాన్ని పెద్దగా ఎత్తుకోలేదు. ఫాంట్లు చేసినవాళ్ళు ఇంగ్లీషుకు కేటాయించిన 256 తావుల్లోనే తెలుగు ముక్కల్ని సర్దారు. ఒక తావులో తలకట్టు, ఇంకో తావులో కొమ్ము, మరో తావులో ఒత్తు. తెరమీద ‘క్రి’ అని కనిపించేది లోపల ఏవో రెండు మూడు ఇంగ్లీషు తావుల వరస మాత్రమే. ఏ ముక్కను ఎక్కడ పెట్టాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. ఒకే ఫాంటుకు వెర్షను మారినా తీరు మారేది. దినపత్రికలు ఎవరి ఫాంటు వారు చేయించుకుని వెబ్‌సైట్లు పెట్టాయి. ఒక పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంటు దించుకోవలసిందే.

ఆనాడు ఫాంట్లు చేసినవాళ్ళను తప్పుపట్టడం సరికాదని నా అభిప్రాయం. ఎనిమిది బిట్ల ఇరుకులో గుణింతాలనూ ఒత్తులనూ ఇమిడ్చి, వేలకొద్దీ తెలుగు పుస్తకాలను సీసపు అక్షరాల నుంచి బయటపడేసింది వాళ్ళే. వాళ్ళు అచ్చు కోసం పనిచేశారు. భద్రపరచడం అన్న ఆలోచన ఆ పనిలో భాగం కాదు. ఆర్కైవిస్టు ఆ గదిలో లేడు, ఉండాలని ఎవరికీ తోచలేదు.

యూనికోడ్ మొదటి రూపం 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు 128 తావుల ఒక వరస కేటాయించారు. అందులో ‘క’ ఎప్పుడూ 3093, పొల్లు 3149, ‘ర’ 3120, గుడి 3135. ‘క్రి’ అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్లోనైనా ఈ నాలుగు అంకెలే, ఇదే వరసలో. ఒత్తును ఎక్కడ గీయాలన్నది ఫాంటు చూసుకుంటుంది, ఏ అక్షరమన్నది ఫాంటు మీద ఆధారపడదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాక ఇది మెల్లగా సామాన్యుల కంప్యూటర్లలోకి దిగింది. అయినా ప్రచురణ రంగం తర్వాత చాలా ఏళ్ళు పాత ఫాంట్లనే పట్టుకుని ఉంది. అందుకే ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దం, ఇరవై ఒకటో శతాబ్దం మొదటి దశాబ్దం తెలుగు రాతకు చిత్రమైన కాలం. 1930ల నాటి పుస్తకాన్ని బల్లమీద పెట్టుకుని చదవగలిగినంత తేలిగ్గా 1998 నాటి ఫైలును చదవలేం.

పీడీఎఫ్ ఉంది కదా అనవచ్చు. దీర్ఘకాలం దాచడానికని 2005లో పీడీఎఫ్-ఏ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అందులో నియమం ఏమిటంటే, పత్రం వాడిన ఫాంట్లన్నీ ఆ ఫైలులోనే ఇమిడి ఉండాలి. పాత ఫాంటుతో చేసిన తెలుగు పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి. దాంట్లో ఒక మాటను వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి వేరేచోట అతికిస్తే మళ్ళీ ఆ చుక్కల రోమన్ అక్షరాలే వస్తాయి. కంటికి తెలుగు, యంత్రానికి కాదు. ఇలాంటి పీడీఎఫ్ చేతికొచ్చినప్పుడు, కనిపిస్తోంది కదా అని ఆర్కైవిస్టు ఊరుకోలేడు. ఆ ఫాంటు పేరు, వెర్షను నమోదు చేయాలి. దాని పట్టికను సంపాదించాలి. యూనికోడ్‌లోకి మార్చిన ప్రతిని పక్కన పెట్టాలి. మార్చేటప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో రాయాలి. 2000ల మధ్యలో ‘పద్మ’ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఈ మార్పిడిని అక్కడికక్కడే చేసి చూపించేది, పత్రికల ఫాంట్లను కూడా. 2017లో ఆ బ్రౌజరు తన పొడిగింపుల పద్ధతినే మార్చేసింది. పాత పద్ధతిలో రాసినవేవీ ఉన్నవి ఉన్నట్టుగా పనిచేయవు. కాబట్టి పాత పాఠాన్ని చదివించే పనిముట్టును కూడా భద్రపరచవలసిన వస్తువుల జాబితాలో చేర్చాలి.

ఈ చిక్కును మొదట గట్టిగా ఎదుర్కొన్నది చరిత్రకారులు కాదు, అంతరిక్ష సంస్థలు. ఉపగ్రహాలు పంపిన కొలతల టేపులు గుట్టలుగా పేరుకున్నాయి. ఏ నిలువు వరస ఏ సెన్సారుదో చెప్పే పుస్తకం కనబడకపోతే టేపంతా ఉత్త అంకెలే. అందుకే వాటి సలహా సంఘం ఒక నమూనాను రాసింది. 2003లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది, ఇవాళ ప్రపంచమంతటా డిజిటల్ ఆర్కైవ్స్‌కు అదే పునాది. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒక షరతు: డేటాతో పాటు దాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన సమాచారమూ దాచాలి; ఎవరు చదువుతారో, వారికి ఏమేమి తెలిసి ఉంటుందో ముందే నిర్ణయించుకుని, అది మారుతోందేమో గమనిస్తూ ఉండాలి. ఉపగ్రహపు కొలతల టేపుకు ఇది ఎంత వర్తిస్తుందో మన అను ఫాంటు ఫైలుకూ అంతే వర్తిస్తుంది.

ఇంగ్లండు ఈ పాఠాన్ని ఖరీదుగా నేర్చుకుంది. 1086లో విలియం రాజు తన రాజ్యంలో ఎవరికి ఎంత భూమి, ఎన్ని నాగళ్ళు ఉన్నాయో లెక్క రాయించాడు. గొర్రెతోలు మీద లాటిన్‌లో రాసిన ఆ డూమ్స్‌డే పుస్తకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. పది లక్షల మందికి పైగా, ఎక్కువగా బడిపిల్లలు, తమ ఊళ్ళ గురించి రాశారు, ఫొటోలు తీశారు. అదంతా లేజర్ డిస్కుల్లోకెక్కింది. నడపడానికి ఒక ప్రత్యేకమైన ప్లేయరు, బీబీసీ మాస్టర్ కంప్యూటరు కావాలి. పదిహేనేళ్ళు తిరిగేసరికి పనిచేసే యంత్రాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. గొర్రెతోలు పుస్తకం లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇంకా చదువుకోవడానికి వీలుగానే ఉంది. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్ళు పాత యంత్రంలాగా నటించే సాఫ్ట్‌వేర్ రాసి డిస్కుల్ని మళ్ళీ నడిపించి చూపారు. 2011లో బీబీసీ పిల్లల రాతల్ని వెబ్‌సైటుగా పెట్టింది. 2018లో ఆ వెబ్‌సైటూ మూతపడింది; దాని ప్రతిని నేషనల్ ఆర్కైవ్స్ తీసుకుని ఉంచింది. పిల్లలు రాసింది మారలేదు, దాన్ని మోసే బండి మూడుసార్లు మారింది.

ఆర్కైవిస్టుకు ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, పాత రూపంలోని దాన్ని కొత్త రూపంలోకి మార్చుకుంటూ పోవడం. రెండోది, పాత యంత్రాన్నే కొత్త యంత్రంలో సాఫ్ట్‌వేర్‌గా బతికించడం. మొదటిది చౌక, ఎక్కువ వాడేది అదే. కానీ మార్చిన ప్రతిసారీ ఏదో ఒకటి రాలిపోతుంది. రెండో దారి ఎందుకు కావాలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం చూపించింది. 2006లో సల్మాన్ రష్దీ పత్రాలతో పాటు ఆయన వాడిన నాలుగు యాపిల్ కంప్యూటర్లు కూడా అక్కడికి వచ్చాయి. ఫైళ్ళను బయటికి తీసి పరిశోధకులకు ఇస్తే సరిపోయేది. వాళ్ళు అంతటితో ఆగకుండా ఒక కంప్యూటరును అచ్చంగా అదే తెరతో, అవే ఫోల్డర్లతో సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ నిలబెట్టారు. 2010 నుంచి పరిశోధకులు దాని ముందు కూర్చుని, రచయిత ఏ ఫైలును ఏ ఫోల్డరులో పెట్టుకున్నాడో, తెరమీద తనకు తాను ఏం చీటీలు రాసుకున్నాడో చూడవచ్చు. చేతిరాత ప్రతిలో కొట్టివేతలు రచయిత ఆలోచన దారిని చూపేవి. కంప్యూటర్లో ఆ దారిని ఇలాగే పట్టుకోవాలి.

అలాంటి కంప్యూటరు చేతికి రాగానే ఆర్కైవిస్టు దాన్ని ఆన్ చేయడు. ఆన్ చేస్తే ఫైళ్ళ తేదీలు మారిపోతాయి. నేరపరిశోధకుల దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది: రాత జరగకుండా ఆపే పరికరం మధ్యలో పెట్టి, డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు, ఖాళీ జాగాతో సహా ఒక ప్రతిగా తీస్తారు. ఆ ఖాళీ జాగాలోనే, యజమాని చెరిపేశాననుకున్న ఉత్తరాలు ఉండవచ్చు. అవి చూడవచ్చా, ఇతరులకు చూపవచ్చా? అట్టపెట్టెలో పత్రాలిచ్చిన కుటుంబానికి ఏమిస్తున్నారో తెలుసు. హార్డ్ డిస్కు ఇచ్చిన కుటుంబానికి తెలియదు. అందుకే ఈ పనిలో సాంకేతిక శిక్షణ ఎంత ముఖ్యమో, ఇచ్చేవాళ్ళతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడి రాతపూర్వకంగా ఒప్పుకోవడం అంత ముఖ్యం.

ప్రతుల మీద ప్రతులు తీసుకుంటూ పోవడం మనకు కొత్త సంగతి కాదు. తాటాకు మూడు నాలుగు వందల ఏళ్ళు నిలిస్తే గొప్ప. మహాభారతం నన్నయ నాటి ఆకుల మీద మనకు రాలేదు. ఒకరు రాసిన ప్రతిని చూసి ఇంకొకరు రాస్తూ వచ్చారు. సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి మనుషులూ ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు, అంటే గ్రామ వృత్తాంతాలు కూడా, ఆయన 1821లో చనిపోయాక శిథిలమవుతుంటే, సి.పి. బ్రౌన్ మళ్ళీ రాయించిన ప్రతుల ద్వారా చాలావరకు బతికాయి. ఇలాంటి పరంపరలో తప్పులు తప్పవు. లేఖకుడి కన్ను ఒక పంక్తి దాటిపోతుంది, తెలియని మాట ఉంటే తెలిసిన మాటగా మారిపోతుంది. దానికి బ్రౌన్ వాడిన మందు, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పండితుల చేత పోల్చి చూపించడం.

డిజిటల్ ఆర్కైవిస్టు మందూ అదే, కొలత మాత్రం వేరు. ఒక ఫైలు లోపలికి రాగానే దాని మీద షా-256 లాంటి ఒక గణితసూత్రాన్ని నడుపుతారు. ఫైలు ఒక్క పేజీదైనా రెండున్నర గంటల సినిమా అయినా ఫలితం 64 గుర్తుల వరస ఒకటి వస్తుంది. దాన్ని ఆ ఫైలు వేలిముద్ర అనవచ్చు. అదే ఫైలుకు ఎన్నిసార్లు నడిపినా అదే వరస. అందులో ఒక్క అక్షరానికి దీర్ఘం తీసేసినా వరస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఈ 64 గుర్తులను వేరుగా రాసిపెట్టుకుని, కొన్ని నెలలకోసారి ఫైలు మీద మళ్ళీ లెక్కవేసి చూస్తారు. రెండూ కలిస్తే ఒక్క బిట్టు కూడా కదల్లేదన్నమాట. కలవకపోతే ఆ ప్రతిని పక్కనపెట్టి, వేరే ఊళ్ళో ఉన్న మంచి ప్రతి నుంచి దాన్ని సరిచేస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన లాక్స్ అనే వ్యవస్థలో గ్రంథాలయాల కంప్యూటర్లు తమ ప్రతుల్ని తామే పోల్చుకుని, ఎక్కువమంది దగ్గర ఉన్న రూపాన్ని బట్టి చెడిన ప్రతిని బాగుచేసుకుంటాయి. బ్రౌన్ పండితులు నెలల తరబడి చేసిన పోలిక ఇప్పుడు రాత్రికి రాత్రి, మనిషి కన్ను పడకుండానే జరిగిపోతుంది.

వేలిముద్రకు ఒక హద్దు ఉంది. లోపలికి వచ్చినప్పటి నుంచి మారలేదని అది చెప్పగలదు; వచ్చేటప్పటికే దొంగదేమో చెప్పలేదు. కాగితం మీద ముద్ర, నీటిగుర్తు, సిరా రంగు సాక్ష్యం చెప్పేవి. ఫైలుకు అసలు, నకలు అన్న తేడాయే లేదు. మిగిలిన సాక్ష్యమల్లా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వచ్చిందన్న లెక్క ఒక్కటే. 1922లో హిలరీ జెంకిన్సన్ అనే బ్రిటిష్ ఆర్కైవిస్టు తన వృత్తి గ్రంథంలో, అప్పగింత ఎక్కడా తెగకూడదన్న సూత్రానికి పెద్దపీట వేశాడు. ఎవరి గొంతునైనా, ఎవరి ముఖాన్నైనా యంత్రం పుట్టించగలిగే ఈ రోజుల్లో ఆ వందేళ్ళనాటి సూత్రం విలువ పెరిగింది.

ఇప్పుడు స్కానింగు సంగతికి వస్తాను, ఎందుకంటే డిజిటల్ అనగానే అందరికీ తోచేది అదే. ఈ కథలో మనవాళ్ళ పాత్ర పెద్దది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేసే పథకాన్ని నడిపించారు. చైనా, భారత్ అందులో పెద్ద భాగస్వాములు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది; బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దానికి ముఖ్యకేంద్రాలు. 2007 నాటికి అన్ని దేశాల్లో కలిపి పదిహేను లక్షల పుస్తకాలు దాటాయి. తెలుగు పుస్తకాలు, ఎక్కడా రెండో ప్రతి దొరకనివి కూడా, వేలల్లో వెలుగు చూశాయి. ఇవాళ తెలుగులో పాత సాహిత్యం మీద ఎవరేం రాస్తున్నా దాని వెనక ఆ స్కానింగు ఏదో ఒక రూపంలో ఉంటుంది. ఆ రుణం పెద్దది.

అయితే స్కాన్ చేయడం వేరు, భద్రపరచడం వేరు అని కూడా అదే పథకం మనకు చూపించింది. పేజీలను ఉత్త నలుపు-తెలుపు బొమ్మలుగా తీశారు. అచ్చు అక్షరానికి అది చాలు, పెన్సిలు రాతలకూ వెలిసిన ముద్రలకూ చాలదు. కొన్ని పుస్తకాల్లో పేజీలు తప్పిపోయాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు వివరాల పట్టికలో వచ్చింది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, తోచిన వర్ణక్రమంలో ఎక్కించారు. ఒకే కవి పేరు నాలుగు రకాలుగా ఉంటే వెతికేవాడికి నాలుగో వంతే దొరుకుతుంది. దొరకని పుస్తకం, స్కాన్ అయినా కాకపోయినా, పాఠకుడికి ఒకటే. తర్వాత 2017 ప్రాంతంలో, కాపీరైట్ అభ్యంతరాల నడుమ, ఆ వెబ్‌సైటే ఆగిపోయింది. అప్పటికే నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను కొందరు ముందుచూపుతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చి ఉండకపోతే ఏమయ్యేదో. తెలుగు వికీపీడియా వాళ్ళు ఆ తెలుగు పుస్తకాల జాబితాను తెలుగు లిపిలో, రచయిత పేరుతో, ఏడాదితో మళ్ళీ తయారుచేయడానికి పూనుకున్నారు. వికీసోర్స్‌లో కొన్నిటి పాఠాన్ని అక్షరం అక్షరం దిద్ది యూనికోడ్‌లో పెడుతున్నారు. జీతం లేకుండా, పేరు ఆశించకుండా వాళ్ళు చేస్తున్నది అచ్చంగా ఆర్కైవిస్టుల పనే. దానికి తగిన గౌరవం మన విశ్వవిద్యాలయాల నుంచి ఇంకా అందలేదని నాకు బాధ.

అసలు పెద్ద మార్పు పుస్తకాల్లో కాదు, ఆఫీసుల్లో వచ్చింది. కాగితపు రోజుల్లో ఆర్కైవిస్టు చివర్లో వచ్చేవాడు. కార్యాలయంలో ఫైలు నడిచి, ముగిసి, రికార్డు గదిలో బస్తాల్లో పాతికేళ్ళు పడుకున్నాక, అందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చడానికి ఆయన్ను పిలిచేవారు. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి మొగలు కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. అవి మూడున్నర శతాబ్దాలు దాటి వచ్చాయంటే, మధ్యలో ఎన్నో తరాలు వాటిని పెద్దగా పట్టించుకోకపోయినా కాగితం ఓర్చుకుంది కాబట్టే. ఈ-ఆఫీసులో పుట్టిన ఫైలుకు ఆ ఓర్పు లేదు. పాతికేళ్ళు పడుకున్న ఫైలు మళ్ళీ లేవదు. అందుకే ఆర్కైవిస్టు మొదట్లోనే, సాఫ్ట్‌వేర్ తయారయ్యే రోజునే అక్కడ ఉండాలి. ఏ రకం ఫైలు ఎంతకాలం ఉంచాలి, మూసిన ఫైలును ఏ రూపంలో బయటికి ఇవ్వాలి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న చిట్టా ఎక్కడ నిలవాలి అన్నవి టెండరు పత్రంలోనే రాయించాలి.

చట్టం దారి చూపింది. 1993 నాటి మన పబ్లిక్ రికార్డ్స్ చట్టం, కంప్యూటరులో తయారైనది కూడా ప్రభుత్వ రికార్డేనని స్పష్టంగా చెప్పింది. ప్రతి కేంద్ర కార్యాలయమూ ఒక రికార్డ్స్ ఆఫీసర్ను నియమించాలంది. అనుమతి లేకుండా రికార్డులు నాశనం చేస్తే ఐదేళ్ళ దాకా జైలు అంది. ఆ ఏడాదే అమెరికాలో ఒక అప్పీలు కోర్టు ఈ వృత్తి చరిత్రలో నిలిచిపోయిన తీర్పు ఇచ్చింది. రీగన్ పదవీకాలం 1989 జనవరిలో ముగుస్తుండగా, శ్వేతసౌధం కంప్యూటర్లలోని ఈమెయిళ్ళను చెరిపేయకుండా ఆపాలని కొందరు కేసు వేశారు. ముఖ్యమైనవి ప్రింటు తీసి ఉంచుతున్నాం కదా అని ప్రభుత్వం వాదించింది. ప్రింటు సరిపోదని కోర్టు అంది. ఎవరికెవరికి పంపారు, ఎన్ని గంటలకు చేరింది అన్నవి కాగితం మీదికి రాకపోవచ్చు. అవి లేకుండా రికార్డు పూర్తి కాదు. ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలిసిందన్నది ఒక్కోసారి ఉత్తరంలోని మాటలకంటే ముఖ్యం. అక్కడ 2024 జూన్ తర్వాత ప్రభుత్వ శాఖల నుంచి నేషనల్ ఆర్కైవ్స్ కాగితాలు తీసుకోవడం, కొన్ని మినహాయింపులతో, మానేసింది.

మనకు దగ్గరి ఉదాహరణ భూమి రికార్డు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పథకంతో 200కు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోకి వెళ్ళాయి. తర్వాత పహాణీలు, అడంగళ్ళు కూడా డేటాబేసులయ్యాయి. కాగితపు పహాణీ ఏడాదికొకటి. 1955 పుస్తకంలో ఒక పేరు, 1970 పుస్తకంలో ఇంకో పేరు ఉంటే, రెండు పుస్తకాలూ అలాగే ఉంటాయి, తగాదా వచ్చినప్పుడు రెండూ కోర్టుకు వస్తాయి. డేటాబేసులో ఒక సర్వే నంబరుకు ఒక వరస. పేరు మార్చితే పాత పేరు పైనే కొత్తది పడుతుంది. పాతది కావాలంటే, దాన్ని ఉంచేలా ముందే కట్టి ఉండాలి. పోర్టలు మారినప్పుడల్లా పాత పోర్టలులోని ఈ చరిత్ర మొత్తం కొత్తదానిలోకి వచ్చిందా అని తేల్చి చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ పని ఇంజనీరుది అనుకుంటాం, కానీ ఇంజనీరుకు కావలసింది నేటి సరైన సమాధానం. నిన్నటి తప్పు సమాధానాన్ని కూడా ఉంచాలని పట్టుబట్టేది ఆర్కైవిస్టే. ఏ రైతు కుటుంబానికి ముప్పై ఏళ్ళ తర్వాత ఆ తప్పు సమాధానం ఎంత అవసరమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక యంత్రాలే చదవడం. అచ్చు తెలుగును గుర్తించే సాఫ్ట్‌వేర్ ఈ పదేళ్ళలో బాగా మెరుగుపడింది. తాళపత్రం ఇంకా మొండికేస్తోంది: పంక్తులు ఒకదానిలోకొకటి చొరబడతాయి, దారం కోసం చేసిన రంధ్రం మధ్యలో వస్తుంది, మాటకూ మాటకూ ఎడం ఉండదు. అక్షరాన్ని గుర్తించడం కంటే ముందు పంక్తి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో యంత్రానికి నేర్పాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో ‘ఇండిస్కేప్స్’ పేరుతో గుర్తులు పెట్టిన రాతప్రతుల బొమ్మల సంపుటిని విడుదల చేసింది ఈ పని కోసమే. చేతిరాత చదివే యంత్రానికి ముందు మనిషి కొన్ని పేజీలు చదివి రాసివ్వాలి. అంటే మోడీ, షికస్తా లాంటి గొలుసుకట్టు రాతలు చదవగలిగినవాళ్ళు మిగిలి ఉండగానే ఈ శిక్షణ జరగాలి. ఆ చదువరులు తగ్గిపోతున్నారు. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే తొందరపెట్టే విషయం ఇదే.

యంత్రం చదివాక వచ్చే సుఖం నిజమైనది. కేటలాగులో ‘రెవెన్యూ, ఇతరాలు’ అని ఒక్క మాటతో ముగిసిన కట్టలో మీ ఊరిపేరు ఎన్నిసార్లు వచ్చిందో ఇప్పుడు నిమిషంలో తెలుస్తుంది. దాని వెంటే కొత్త ఇబ్బంది వచ్చింది. ఒక శాఖ కాగితాల్ని ఆ శాఖవిగానే ఉంచాలన్నది 1841లో ఫ్రాన్సు నుంచి ఈ వృత్తికి దక్కిన మూలసూత్రం; అవి పుట్టిన వరసను చెదరగొట్టకూడదన్నది తర్వాత దానికి తోడైంది. వెతుకులాట పెట్టె ఆ వరసను దాటేసి నేరుగా ఒక పేజీ ముందు పడేస్తుంది. దాని ముందు పేజీలో ఏ ప్రశ్న ఉంది, తర్వాతి పేజీలో పై అధికారి ఏమని కొట్టేశాడు అన్నది చూడకుండానే పాఠకుడు వెళ్ళిపోతాడు. నూటికి ఐదు అక్షరాలు తప్పు చదివే యంత్రం కూడా ఊరిపేరునూ మనిషిపేరునూ అంకెనూ తప్పు చదవవచ్చు. వెతికేవాడికి దొరకనిది లేనట్టే కనిపిస్తుంది. కాబట్టి ఈ పేజీ ఏ ఫైలులోది, దీన్ని మనిషి దిద్దాడా లేక యంత్రం చదివిందేనా అన్నది ప్రతి ఫలితం పక్కనా కనిపించేలా చేయడం ఇప్పటి ఆర్కైవిస్టు బాధ్యతల్లో చేరింది.

వీటన్నిటికీ డబ్బు కావాలి, అదీ ప్రతి ఏడూ. కాగితపు ఆర్కైవ్స్‌కు భవనం కట్టేటప్పుడు పెద్ద ఖర్చు, తర్వాత చిన్న ఖర్చు. డిజిటల్‌కు ఖర్చు తగ్గే రోజు రాదు. హాలీవుడ్‌లో ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ 2007లో లెక్క వేసి చూస్తే, ఒక సినిమా డిజిటల్ మాతృకను ఏడాదిపాటు కాపాడటానికి, ఫిల్మ్ మాతృకకు అయ్యేదానికి 11 రెట్లకు పైగా అవుతుందని తేలింది. పెద్ద ఆర్కైవ్స్ ఎక్కువగా నమ్ముకునేది ఎల్‌టీఓ అనే అయస్కాంత టేపును. టేపు ముప్పై ఏళ్ళు నిలుస్తుందంటారు. కానీ ఎనిమిదో తరం డ్రైవు ఏడో తరం టేపును చదువుతుంది, ఆరో తరం దాన్ని చదవదు. టేపు చెడిపోయేదాకా ఆగితే దాన్ని చదివే యంత్రం ఉండదు. అందుకే కొన్నేళ్ళకోసారి మొత్తం భాండాగారాన్ని కొత్త టేపుల మీదికి ఎత్తి పోయాలి, ప్రతి ఫైలు వేలిముద్రా సరిచూడాలి. ఒక ఏడాది బడ్జెటు రాలేదని ఆ పని వాయిదా వేస్తే, దాని ఫలితం ఆ ఏడాది కనిపించదు.

అలాంటి వాయిదాల ఫలితం ఎలా బయటపడుతుందో ఒక ఉదాహరణ చూపించింది: 2023 అక్టోబరు చివర్లో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. దాడి చేసినవాళ్ళు దొంగిలించిన సమాచారాన్ని బయటపెట్టారు, సర్వర్లను పాడుచేశారు. గ్రంథాలయపు కేటలాగు చదువరులకు మళ్ళీ కనిపించేసరికి జనవరి సగమైంది, అదీ వెతుక్కోవడానికి మాత్రమే. తర్వాతి మార్చిలో ఆ గ్రంథాలయం జరిగిందంతా దాచకుండా ఒక నివేదికగా ప్రచురించింది. డిజిటల్ సేకరణల భద్రమైన ప్రతులు తమ దగ్గర ఉన్నాయని, కానీ వాటిని తిరిగి నిలబెట్టడానికి తగిన యంత్రవ్యవస్థ లేక ఆలస్యమైందని అందులో రాశారు. పాతబడిన సర్వర్లను సకాలంలో మార్చకపోవడం దానికి ఒక కారణం. ఇంత ఇబ్బందికరమైన సంగతిని ఒక జాతీయ సంస్థ తనంతట తాను బయటపెట్టడం అరుదు. మన రాష్ట్రాల ఆర్కైవ్స్‌లో సర్వరు గది తాళం ఎవరి దగ్గర ఉందో, రెండో ప్రతి ఏ ఊళ్ళో ఉందో, దాన్ని చివరిసారి తెరిచి సరిచూసింది ఎప్పుడో అడగడానికి ఆ నివేదికను చదివిన ఆర్కైవిస్టు ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు.